చూసింది రాయండి, అనుకున్నది పక్కన రాయండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంటి చుట్టుపక్కల కనబడే పిట్టనో పురుగునో తేదీ వేసి రాసి పెట్టుకోండి అని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచే సంచి నిండా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ ఆపి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. కొన్ని ఉత్తరాలను కుదించాను, పేర్లు వేయలేదు.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. రోజూ పొద్దున ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తాను. మీరు రాసింది చదివి నోట్‌బుక్ కొన్నాను, కానీ మూడు వారాలైనా ఖాళీగానే ఉంది. ఏం రాయాలో తెలియడం లేదు. మంచి కెమెరా లేదు, ఫోటో లేకుండా రాస్తే ఎవరు నమ్ముతారు? — తిరుపతి

సార్, జీవితమంతా లెడ్జర్లు చూసిన మీకు తేదీ లేని ఎంట్రీకి విలువ లేదని నేను చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏమిటి, ఎన్ని, ఈ ఐదూ ఉంటే చాలు, మిగతాదంతా వడ్డీ. నా నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, చూడండి:

"నవంబరు 14. ఉదయం 6.25 నుంచి 6.50. చింతచెట్ల వరస, గోడ పక్క దారి. రాత్రి వాన పడింది, ఇంకా మబ్బుగానే ఉంది. జెముడుకాకి ఒకటి, నేల మీద, నాకు పదడుగుల దూరం. నత్తను కాలికింద అదిమిపెట్టి పెంకును ముక్కుతో పొడుస్తోంది. అటూ ఇటూ చూసి మళ్లీ పొడుస్తోంది. కుక్క వచ్చేసరికి నత్తను నోట కరుచుకుని కంపలోకి దూరింది. తిన్నదో లేదో చూడలేదు. గోరింకలు 6. పికిలిపిట్టలు 2. చిలకలు పైనుంచి ఎగిరిపోయాయి, లెక్కపెట్టలేకపోయాను."

ఇందులో మీరు గమనించాల్సిన మాటలు రెండు. ఒకటి "తిన్నదో లేదో చూడలేదు", రెండోది "లెక్కపెట్టలేకపోయాను". జెముడుకాకులు నత్తల్ని తింటాయని నాకు తెలుసు. తినే ఉంటుంది కూడా. కానీ ఆ పొద్దున నేను చూసింది పొడవడం మాత్రమే, తినడం నేను అనుకున్నది. ఈ రెండింటినీ కలిపేస్తే, పదేళ్ల తర్వాత ఆ పేజీ తీసినప్పుడు ఏది కంటితో చూసిందో ఏది ఊహో మీకే తెలియదు. అందుకే నేను పేజీకి ఎడమవైపు వెడల్పుగా మార్జిన్ గీసుకుంటాను. అనుకున్నవీ అనుమానాలూ అక్కడే రాస్తాను, చూసినవి కుడివైపు మాత్రమే.

నమ్మకం గురించి అడిగారు. ఫోటో ఉంటే మంచిదే. కానీ ఫోటో లేని రికార్డును నమ్మించేది మీరు రాసే వివరం: ఎంత దూరం నుంచి, ఎంతసేపు, వెలుతురు ఎటు ఉంది, పిట్ట ఏం చేస్తోంది, మీరు ఏ గుర్తు చూసి ఆ పేరు రాశారు. "డేగను చూశాను" అన్న దానికంటే "కాకి కంటే చిన్నది, రొమ్ము మీద అడ్డచారలు, తోక పొడవు, కళ్ల రంగు కనబడలేదు" అన్నదాన్నే తెలిసినవాళ్లు ఎక్కువ నమ్ముతారు. ఏది కనబడలేదో కూడా రాశారు కాబట్టి.

"చాలా" అన్న మాట మాత్రం రాయకండి సార్. మొదటి రెండేళ్లు నేను ప్రతి పేజీలో "చాలా పిచ్చుకలు" అని రాశాను. అప్పటికీ ఇప్పటికీ మా వీధిలో పిచ్చుకలు తగ్గాయా పెరిగాయా చూద్దామని ఆ నోట్‌బుక్కులు తీస్తే రెండేళ్ల కష్టంలో ఒక్క అంకె లేదు. చాలా అంటే పదా, నలభైయా? ఇవాళ్టికీ ఆ పేజీలు చూస్తే బాధగా ఉంటుంది.

నోట్‌బుక్ అలవాటయ్యాక ఫోన్‌లో ఈబర్డ్ అనే పక్షుల లిస్టులు ఎక్కించే యాప్ వేసుకోండి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల 2002లో మొదలుపెట్టింది, ఉచితమే. దాన్లో పదిహేను నిమిషాలకు తగ్గకుండా నడిచి, గుర్తుపట్టిన ప్రతి పిట్టనూ, కాకులూ పావురాలతో సహా ఎక్కించండి. అన్నీ ఎక్కించామని చివర్లో ఒక టిక్ పెడతారు. ఆ టిక్ చిన్నదిగా కనబడుతుంది గానీ దాంతోనే లిస్టుకు బలం వస్తుంది, ఎందుకంటే అప్పుడు మీ లిస్టులో లేని పిట్ట మీరు రాయనిది కాదు, ఆ పొద్దున మీకు కనబడనిది. నెమలిని చూసి రాసి కాకిని వదిలేసే లిస్టులతో కాకుల సంగతి ఎప్పటికీ తెలియదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు దేశమంతా పక్షుల్ని లెక్కపెడతారు, కాలేజీ క్యాంపస్‌లకు విడిగా లెక్క ఉంటుంది. మీరు నడిచేది క్యాంపస్‌లోనే కాబట్టి ఆ నాలుగు రోజులూ వదలకండి.

అన్నా, నేను ఇంట్లోనే ఉంటాను, చదువు పదో తరగతి. అక్టోబరులో మా పెరట్లో ఒక రంగురంగుల పిట్ట తోకలేనట్టుగా కూర్చుని ఉండింది, ఎగరలేకపోతా ఉండింది. మా అమ్మ పొన్నంగి పిట్ట అంటుంది, మా మామగారు ఆరుమణి కురువి అంటారు. ఇంగ్లీషు పేరు నాకు తెలీదు. ఏ పేరు రాసుకోవాల? — పుత్తూరు

అమ్మా, రెండూ రాయండి. ఎవరు ఏమంటారో, వాళ్లది ఏ ఊరో కూడా రాయండి. మన జిల్లా సగం తమిళం కలిసిన నేల, ఒకే ఇంట్లో ఒకే పిట్టకు రెండు పేర్లుండటం మనకు దొరికిన ఆస్తి.

వీపు ఆకుపచ్చ, రొమ్ము గోధుమ రంగు, కంటి మీదుగా నల్ల పట్టీ, రెక్కలో మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు, కురచ తోక, ఇవే మీరు చూసిన రంగులైతే అది ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా అనే పిట్ట. ఆ ఇంగ్లీషు పేరులోని పిట్టా కూడా మన తెలుగు మాటే. హిమాలయాల దిగువనా మధ్య భారతంలోనూ పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణానికి వస్తుంది. రాత్రిళ్లు ఎగురుతుంది. వచ్చిన కొత్తలో అలసిపోయి పెరళ్లలో, వరండాల్లో, కొన్నిసార్లు ఇళ్ల లోపలే దొరుకుతుంది. మీకు దొరికింది అక్టోబరులో అని రాశారు కదా, సరిగ్గా అదీ కాలం. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ దగ్గర్లో రెండు ముక్కల ఈల వేస్తుంది కాబట్టి తమిళంలో ఆరు గంటల పిట్ట అయింది. మీ మామగారి పేరులో ఆ పిట్ట గడియారమే ఉంది చూడండి! ఇంకోసారి అలా దొరికితే అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, లోపల గుడ్డ వేసి, చీకటిగా ఉన్న చోట పెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి. తేరుకున్నాక చెట్టు కింద వదిలేయండి. రెక్క విరిగిందనిపిస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

ఇంగ్లీషు రాదని వెనకాడే పని లేదమ్మా. పాట్రిక్ రస్సెల్ అని ఒక డాక్టరు ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో ఉండి పాముల మీద పనిచేశాడు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో పాములకు ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లే పెట్టాడు. ఇప్పుడు లోకమంతా రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజరిని ఆయన రాసుకున్నది కాటుక రేకుల పొడ అని. దాని వీపు చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిగ్గా ఉందో తెలుస్తుంది, కాటుకతో దిద్దినట్టు నల్ల అంచున్న మచ్చలు వరసగా ఉంటాయి. కట్లపాముల శాస్త్రీయ నామం బంగారస్, అది మన బంగారం నుంచి వచ్చిందే. చెప్పినవాళ్ల పేర్లు మిగల్లేదు, వాళ్లు పెట్టిన పేర్లు మిగిలాయి, ఎవరో ఒకరు కాగితం మీద పెట్టారు కాబట్టి.

మన కొండ పేరు కూడా ఇలాగే ఎక్కింది. వానలకు ముందూ తర్వాతా గుంపులుగా పోయే నీలి మచ్చల సీతాకోకచిలుకను, బ్లూ టైగర్ అంటారు, మీరు చూసే ఉంటారు. దాని జాతికి 1880లో మూర్ అనే ఆయన పెట్టిన పేరు తిరుమల. తిరుమల లిమ్నియేసి అని ఏ దేశంలో వెతికినా అదే వస్తుంది.

పక్క కడప జిల్లా కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త దాన్ని లోకానికి చెప్పాడు, 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దొరికింది ఊరివాళ్ల సాయంతోనే, ఆ కంపల్లో రాత్రిళ్లు తిరిగేవాళ్లకు ఆ పిట్ట తెలుసు కాబట్టి. అందుకని మీ అమ్మనూ మామగారినీ కూర్చోబెట్టుకుని ఇంకా ఏయే పిట్టల పేర్లు చెబుతారో అడగండి, ప్రతి పేరు కింద పిట్ట సైజు, రంగు, కూత, ఎక్కడ కనబడేదో రాయండి. రంగూ సైజూ రాయకుండా ఉత్త పేర్లు రాస్తే రేపు ఏది ఏదో పోల్చుకోలేం, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం. మెర్లిన్ యాప్‌లో కూత వినిపిస్తే షిక్రా అని చూపించింది, అదే ఈబర్డ్‌లో ఎక్కించాను. ఐనాచురలిస్ట్‌లో పెట్టిన నా ఫోటోలకు ఎవరో తెలియనివాళ్లు వచ్చి పేరు మారుస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, తప్పు చేస్తున్నానా? — తిరుపతి

తమ్ముడూ, యాప్ చెప్పింది సూచన మాత్రమే. నువ్వు రాయాల్సింది నువ్వు విన్నది, నువ్వు చూసింది. నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, "గేదె మీద నల్లపిట్ట తప్ప అక్కడ ఏమీ లేదు" అని. జవాబు దాన్లోనే ఉంది! ఆ నల్లపిట్ట పసులపోలిగాడు, చీలిన తోక. దానికి షిక్రా డేగ కూతను అచ్చు గుద్దినట్టు అనుకరించడం వచ్చు. యాప్ విన్నది డేగ కూతనే, కూసింది మాత్రం పసులపోలిగాడు అయ్యుండొచ్చు. తలకోన వైపు పోతే తోకకు రెండు పొడవాటి పుల్లల్లాంటి ఈకలుండే దాని చుట్టం ఉంటుంది, అది ఒక్కటే నాలుగైదు పిట్టల కూతలు వరసగా కూసి నిన్ను తిప్పలు పెడుతుంది. కాబట్టి యాప్ పేరు చూపించగానే తల ఎత్తి ఆ పిట్ట కోసం వెతుకు. కనబడకపోతే, ఆ కూత నీకు సొంతంగా తెలియకపోతే, లిస్టులో ఎక్కించకు. నోట్‌బుక్‌లో మాత్రం "యాప్ షిక్రా అంది, నాకు కనబడలేదు, దగ్గర్లో పసులపోలిగాడు 1" అని రాసుకో. ఇప్పుడు ఎక్కించిన ఆ లిస్టు తెరిచి షిక్రాను తీసేయి, తర్వాత కూడా దిద్దుకోవచ్చు.

పేరు మార్చడం గురించి మనసు కష్టపెట్టుకోకు. ఐనాచురలిస్ట్ పనిచేసేదే అలా. నువ్వు ఫోటో, తేదీ, చోటు పెడతావు, చూసినవాళ్లు తమకు తోచిన పేరు చెబుతారు, మూడింట రెండొంతుల మంది కంటే ఎక్కువ ఒక జాతి పేరు మీద కలిస్తే అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొచ్చే రికార్డు అవుతుంది. మార్చినవాళ్లను ఏ గుర్తు చూసి చెప్పారని అడుగు, చాలామంది ఓపికగా చెబుతారు. నేను సాలీళ్లు నేర్చుకున్నది అట్లాగే, నా తప్పులు దిద్దినవాళ్ల దగ్గరే. అర్థం కాకుండా మాత్రం నువ్వూ "అవును" నొక్కకు. పేరు తెలియకపోతే "సాలీడు" అని వదిలెయ్యి, అది కూడా సరైన రికార్డే. ఇంకొకటి, ఒక్క ఫోటోతో సరిపెట్టకు. మొక్కకైతే ఆకు పైవైపు, కిందివైపు, పువ్వు, కాయ, బెరడు. సీతాకోకచిలుకకైతే రెక్కలు మూసినప్పుడూ తెరిచినప్పుడూ. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచు.

పులికాట్‌లో రాజహంసలు వచ్చినప్పుడు వెళ్తుంటాము. వేలల్లో ఉంటాయి, వాటిని ఎవరైనా ఎలా లెక్కపెడతారు? — సూళ్లూరుపేట

ఒక మూల నుంచి యాభై పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ యాభై ఎంత చోటు పట్టాయో కంటికి పట్టుకోండి. తర్వాత అలాంటి చోట్లు ఎన్నున్నాయో గుంపు మీదుగా జరుపుకుంటూ పోండి. ఇద్దరుంటే విడివిడిగా చేసి, ముందు ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద రాసి, అప్పుడు పోల్చుకోండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చేస్తే ఇంకా మంచిది. ఫోన్‌తో వరసగా ఫోటోలు తీసుకుని ఇంటికి పోయి స్క్రీన్ మీద చుక్కలు పెట్టి లెక్కపెడితే మీ కంటి అంచనా ఎంత తక్కువో ఎక్కువో తెలుస్తుంది. పెద్ద గుంపుల్ని మనం మామూలుగా తక్కువే అంచనా వేస్తాం. "సుమారు 1,200, కంటి అంచనా" అని రాయడం తప్పు కాదు. "వేలు" అని రాయడం పనికిరాదు. ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. మీరున్నది దేశంలో చిలికా తర్వాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు పక్కన కాబట్టి మీ అంకెకు చాలా విలువుంది. దగ్గరికి పోవాలని బురదలోకి దిగకండి, గుంపు లేచిందంటే లెక్కా పోయింది, వాటి తిండీ పోయింది.

సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. టమోటా, చెరకు వేస్తాము. ఏనుగులు రాత్రిపూట వస్తాయి. వాటి గురించి రాసి పెట్టుకుంటే ఏమన్నా ప్రయోజనం ఉంటుందా? మా పిల్లోళ్లు సెల్‌లో వీడియోలు తీస్తామంటారు. — పలమనేరు మండలం

ముందు పిల్లల సంగతి. వద్దనండి, గట్టిగానే చెప్పండి. చీకట్లో సెల్ వెలుతురు వేసుకుని ఏనుగుకు ఎదురుపోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మీరు రాయాల్సినదంతా తెల్లారి, ఏనుగులు పోయాయని రూఢి అయ్యాక, నేల మీదే దొరుకుతుంది.

ముందుకాలి అడుగు గుండ్రంగా ఉంటుంది, వెనకకాలిది కోలగా. మెత్తటి నేల మీద బాగా పడిన ముందుకాలి అడుగు చూసుకుని, దాని అంచు చుట్టూ పురికోస పెట్టి కొలవండి. ఆ చుట్టుకొలతకు రెట్టింపు చేస్తే ఏనుగు భుజం దగ్గర ఎత్తు దాదాపుగా వస్తుంది. చుట్టుకొలత నాలుగడుగులుంటే ఎనిమిదడుగుల ఏనుగన్నమాట. చిన్న అడుగులుంటే గుంపులో పిల్లలున్నాయని, ఒకే సైజు పెద్ద అడుగులైతే ఒంటరి ఏనుగు కావచ్చని తెలుస్తుంది. దాన్ని మాత్రం "కావచ్చు" అనే రాయండి. ఏ దిక్కు నుంచి వచ్చింది, ఏ దిక్కుకు పోయింది, కంచె ఎక్కడ తొక్కింది, ఏ పంట తిన్నది, ఏది తొక్కి వదిలేసింది, లద్దె ఉంటే దాన్లో ఏ గింజలు కనబడ్డాయి. చంద్రుడు ఎలా ఉన్నాడో కూడా రాయండి, వెన్నెలా చీకటా అని. రెండు మూడేళ్లు రాస్తే ఏ నెలలో ఏ దారిన వస్తాయో మీ ఊరికే తెలిసిపోతుంది, కాపలా ఎప్పుడు పెట్టాలో దాన్నిబట్టి చూసుకోవచ్చు.

కౌండిన్య అడవికి ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి చేరాయి, 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి నుంచి మీలాంటి రైతులు పొలం పొలానా రాసి పెట్టుకుని ఉంటే ఇవాళ ఎంత తెలిసేదో! పంట నష్టానికి అర్జీ పెట్టేటప్పుడు తేదీ, సర్వే నంబరు, కొలతతో తీసిన ఫోటో ఉంటే మీ మాటకు బలం వస్తుంది. అడుగు పక్కన టేపో, అది లేకుంటే కొడవలో పెట్టి ఫోటో తీయండి, సైజు తెలియాలి కదా. వచ్చిన రాత్రే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి, వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడున్నాయో పెట్టకండి, చూడ్డానికి జనం ఎగబడతారు.

అలిపిరి ప్రాంతంలో ఒక సాయంత్రం దేవాంగపిల్లిని చూశాను. సంతోషం పట్టలేక ఫోటో, లొకేషన్ ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఒకాయన తిట్టి తీసేయమన్నాడు. జనానికి తెలిస్తే కాపాడతారు కదా? — తిరుపతి

తిట్టడం బాగాలేదు గానీ ఆయన చెప్పింది నిజం. దయచేసి ఇప్పుడే తీసేయండి. దేవాంగపిల్లి పిడికెడు ప్రాణి, రాత్రిపూట కొమ్మ మీద మెల్లగా పాకుతుంది, పరిగెత్తి తప్పించుకోలేదు. మంత్రాలకూ నాటుమందులకూ దాన్ని పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ చెట్టు మీద ఉందో చెబితే వాళ్ల పని మనమే సులువు చేసినట్టు. బంగారుబల్లి కూడా అంతే. అది శేషాచలంలో నీళ్లకు దగ్గరగా ఉండే రాతి పగుళ్లలో ఉంటుంది, ఒకే రాతికి చాలా గుడ్లు కలిపి అంటిస్తాయి, ఆ రాయి ఎక్కడుందో బయటపడితే ఒక్క రోజులో అన్నీ పోవచ్చు. కొండ మీద మాత్రమే పెరిగే పేరిత చెట్టును, సైకస్ బెడ్డోమై అంటారు, అక్రమంగా నరికి పట్టుకుపోయేవాళ్లున్నారు. ఎర్రచందనం సంగతి నేను చెప్పేదేముంది.

అలాగని రాయకుండా ఉండొద్దు. నోట్‌బుక్‌లో చోటు పూర్తిగా, మెట్టు నంబరుతో సహా రాయండి. ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు చోటును కనబడకుండా చేసే సెట్టింగు ఉంది, ముప్పున్న చాలా జాతులకు అది దానంతట అదే చేస్తుంది. చూసేవాళ్లకు సుమారు ఇరవై రెండు కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క కనబడుతుంది. ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తే నెల ఆగి, "శేషాచలం" అని మాత్రం రాయండి. ఫోటో వెనక దారి గుర్తులు, బోర్డులు కనబడుతున్నాయేమో చూసుకోండి.

టార్చి దాని కళ్లలోకి సూటిగా పట్టకండి, వాడాల్సి వస్తే దాని మీద ఎర్ర కాగితం చుట్టండి. నడకదారి వదిలి లోపలికి పోవద్దు. అది జాతీయ పార్కు, లోపలికి పోవాలంటే అనుమతి కావాలి, పైగా చిరుతలు తిరిగే అడవి. 2023లో ఆ దారిలో చిరుత దాడిలో ఒక ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. పొద్దుగూకాక ఒంటరిగా ఆగి దేనికోసమూ చూడకండి, అది ఎంత అరుదైనదైనా.

మా పాపకు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, ఈకలు, గూళ్లు, గుడ్లు సేకరించి అట్ట మీద అంటించాలట. ఎక్కడ దొరుకుతాయి? — చిత్తూరు

గూళ్లూ గుడ్లూ తీయడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఖాళీగా కనబడ్డ గూట్లో మళ్లీ గుడ్లు పెట్టే పిట్టలూ ఉన్నాయి. టీచరుగారికి ఈ పేజీ చూపించండి. బదులుగా పాపను మిద్దె మీద కూర్చోబెట్టి, ఎదుటి కరెంటు తీగ మీద వాలే పిట్టల్ని వారం రోజులు ఒకే టైముకు లెక్కపెట్టమనండి. కింద పడిన ఈకను అక్కడే పెట్టి పక్కన స్కేలు ఉంచి బొమ్మ గీయమనండి. పిల్లలు గీసిన బొమ్మల్లో పెద్దవాళ్లు వదిలేసే గుర్తులు కనబడతాయి, కళ్ల చుట్టూ ఉండే ఉంగరం లాంటివి.

మా నాన్నగారు పల్లెటూళ్లలో టీచరుగా పనిచేశారు. 1981 నుంచి 1996 దాకా డైరీలు రాశారు. ఖర్చులు, వానలు, బడి సంగతుల మధ్య "కబేళా దగ్గర రాబందులు 17", "చెరువు మొరవ పోతోంది, గూడబాతులు 9" ఇలా ఉంటాయి. ఆయన పోయి నాలుగేళ్లయింది. అమ్మ, నేను ఇల్లు మారుతున్నాం, చెదలు పట్టాయి, పారేద్దామా అనుకుంటున్నాం. — చిత్తూరు

పారేయకండి. ఈ ఉత్తరం చదివాక నేను చాలాసేపు వేరే ఉత్తరం తీయలేకపోయాను.

రాబందులు 17 అన్న ఆ ఒక్క ముక్క విలువ చెబుతాను. 1990లు మొదలయ్యాక దేశంలో రాబందులు కళ్లముందే మాయమయ్యాయి, పదిహేనేళ్లలో కొన్ని జాతుల్లో నూటికి 95కు పైగా పోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికిచ్చే డైక్లోఫెనాక్ మందు కారణమని 2004లో తేలింది, ఆ మందు ఉన్న కళేబరం తింటే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2006లో పశువుల వాడకానికి దాన్ని మనదేశంలో నిషేధించారు. అంతకుముందు ఏ ఊళ్లో ఎన్ని ఉండేవో రాసినవాళ్లు చాలా తక్కువ. అవి ఎప్పుడూ ఉండేవే కదా, కాకుల్లాగా, ఎవరు లెక్కపెడతారు? మీ నాన్నగారు లెక్కపెట్టారు. "చాలా" అని రాయలేదు, 17 అని రాశారు.

ఆ డైరీల్లో పాలపిట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా చూడండి. దసరాకు చూసి దండం పెట్టుకునే ఆ పిట్ట తగ్గుతోందని 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక చెప్పింది. దాని వెనక ముప్పై వేల మందికి పైగా మామూలు మనుషులు ఎక్కించిన మూడు కోట్లకు పైగా రికార్డులున్నాయి, 942 జాతుల పక్షుల్ని అందులో పరిశీలించారు. ఆ రికార్డుల్లో ఎక్కువ భాగం ఈ మధ్య కాలానివి. 1981 నాటివి, అదీ చిత్తూరు పల్లెలవి, ఎన్ని ఉంటాయి చెప్పండి?

పని ఇలా మొదలుపెట్టండి. ముందు ఎండలో కాకుండా నీడలో గాలికి ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో చెదపుట్ట మట్టి దులపండి. అతుక్కున్న పేజీల్ని లాగొద్దు. తర్వాత ఖర్చుల పేజీలతో సహా ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీయండి, ఎందుకంటే "చెరువుకు పోయిన బస్సు చార్జీ" అన్న ముక్కే ఆ రోజు ఆయన ఏ ఊళ్లో ఉన్నారో చెప్పొచ్చు. అవి రెండు చోట్ల దాచండి. ఆ తర్వాతే పిట్టల సంగతులు విడిగా ఎత్తి రాయండి, ఆయన వాడిన మాట ఏదైతే అదే. "గద్ద" అని ఉంటే గద్ద అనే రాయండి, ఏ గద్దో మీరు తేల్చకండి. ఈబర్డ్‌లో పాత రికార్డులకు విడిగా ఒక పద్ధతి ఉంది, తేదీ తెలిసి టైము తెలియకపోయినా ఎక్కించవచ్చు. కష్టమనిపిస్తే తిరుపతిలో యూనివర్సిటీల్లోనో సైన్సు విద్యాసంస్థ ఐసర్‌లోనో జీవశాస్త్రం చదివే పిల్లలు ఎవరినైనా అడగండి, సంతోషంగా వస్తారు. డైరీలు మాత్రం చేతికివ్వకండి, ఫోటోలివ్వండి.

ఒక్క పని ఆలస్యం చేయొద్దు. ఆయన చాలా చోట్ల "మన చెరువు", "పాత బడి దగ్గర", "పెద్ద మర్రి" అని రాశారని మీరే అన్నారు. పదిహేనేళ్లలో ఆయనకు ఎన్ని బదిలీలు అయ్యాయో, ఏ ఏట ఏ ఊళ్లో కాపురం ఉన్నారో మీ అమ్మగారికి తెలుసు. ఈ ఆదివారం సామాన్లు సర్దడం ఆపి ఆవిడ పక్కన కూర్చోండి, ఒక్కో డైరీ చదివి వినిపిస్తూ, ఆ చెరువు ఏ ఊరిదో ఆ మర్రి ఎక్కడుండేదో అడిగి, అమ్మ చెప్పింది అని తేదీ వేసి వేరే పుస్తకంలో రాసుకోండి.